రాలీ ఆర్కైవ్స్‌లో ఒక తాళంచెవి: చరిత్రకారుడు జాన్ హోప్ ఫ్రాంక్లిన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిబ్రవరి వచ్చిందంటే అమెరికా బడుల్లో నల్లజాతి చరిత్ర నెల మొదలవుతుంది. నార్త్ కరోలినాలో రాలీ, డర్హమ్, కేరీ చుట్టుపక్కల ఉన్న మన తెలుగు ఇళ్లలో కూడా పిల్లలకు ఏదో ఒక ప్రాజెక్టు పడుతుంది. అప్పుడే నాకు ఫోన్లు వస్తాయి. "మార్టిన్ లూథర్ కింగ్ మీద క్లాసులో అందరూ రాసేస్తున్నారండీ, ఇంకెవరైనా ఉంటే చెప్పండి" అని అడుగుతారు. నేను ప్రతిసారీ ఒకే పేరు చెబుతాను, జాన్ హోప్ ఫ్రాంక్లిన్ అని. ఆ పేరు వినగానే పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ అడిగే ప్రశ్నలు కూడా దాదాపు అవే. వాటిని ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను.

అసలు ఎవరీయన?

అమెరికా చరిత్రకారుడు. 1915 జనవరి 2న ఓక్లహోమాలోని రెంటీస్‌విల్ అనే చిన్న ఊళ్లో పుట్టారు, 2009 మార్చి 25న డర్హమ్‌లో కన్నుమూశారు. నల్లజాతి వాళ్ల చరిత్రను అమెరికా చరిత్రకు పక్కన అతికించిన అనుబంధంలా కాకుండా, ఆ చరిత్రలో విడదీయలేని భాగంగా చూడడం దేశానికి నేర్పినవాళ్లలో ఆయనది ముందు వరస. బడుల్లో జాతి వివక్ష చెల్లదని తేల్చిన బ్రౌన్ కేసు వెనక పనిచేశారు. అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్‌కు అధ్యక్షుడైన తొలి నల్లజాతి చరిత్రకారుడు ఆయనే, 1979లో.

పౌర హక్కుల పోరాటమంటే ఊరేగింపులు, జైళ్లు కదా. పుస్తకాలు రాసే మనిషికి అందులో ఏం పని?

చాలా పని ఉంది. నల్లవాళ్లను వేరుగా ఉంచడానికి అప్పట్లో చెప్పిన సాకుల్లో సగం చరిత్ర పేరుతో చెప్పినవే. బానిసలు యజమానుల దగ్గర సుఖంగానే ఉన్నారని, అంతర్యుద్ధం తర్వాత నల్లవాళ్లకు ఓటు హక్కు ఇస్తే పాలన చేతకాక దక్షిణాది రాష్ట్రాలను నాశనం చేశారని పాఠ్యపుస్తకాలే రాశాయి. పేరున్న విశ్వవిద్యాలయాల్లో ప్రొఫెసర్లు అదే బోధించారు. అలాంటి పాఠం విని పెరిగినవాడు జడ్జి అయినా, పోలీసు అయినా, బ్యాంకు మేనేజరు అయినా దాన్నే నమ్ముతాడు.

ఫ్రాంక్లిన్ చేసిన పని ఆ సాకుల కింద ఉన్న నేలను తవ్వేయడం. ఆయన ఆయుధం కాగితం. కోర్టు రికార్డులు, జనాభా లెక్కలు, వీలునామాలు, పారిపోయిన బానిసల కోసం యజమానులు పత్రికల్లో వేయించిన ప్రకటనలు, వీటి మీద ఆయన పని నడిచింది. ఒక్కసారి ఆలోచించండి. బానిసలు అంత సుఖంగా ఉంటే, పారిపోయినవాళ్ల ఆనవాళ్లు చెబుతూ, పట్టిచ్చినవాళ్లకు బహుమతి ఇస్తామంటూ యజమానులు అన్ని ప్రకటనలు ఎందుకు వేయించినట్టు? మరో చరిత్రకారుడు లోరెన్ ష్వెనింగర్‌తో కలిసి ఆయన ఈ విషయం మీద తెచ్చిన పుస్తకం 1999లో వచ్చింది. అప్పటికి ఆయన వయసు 84.

చిన్నప్పుడు ఎలా పెరిగారు?

రెంటీస్‌విల్ మొత్తం నల్లవాళ్ల ఊరు. జనం రెండు వందలు కూడా ఉండరు. తండ్రి బక్ కోల్బర్ట్ ఫ్రాంక్లిన్ లాయరు, తల్లి మాలీ టీచరు.

ఆయన ఆరేళ్ల వయసులో జరిగిన ఒక సంఘటనను పెద్దయ్యాక చాలాసార్లు చెప్పారు. తల్లి, అక్క, తను కలిసి పక్క ఊరికి రైలెక్కారు. రైలు ఆగినప్పుడు ఎదురుగా ఉన్న పెట్టె ఎక్కేశారు, అది తెల్లవాళ్ల పెట్టె. కండక్టర్ వచ్చి వేరే పెట్టెలోకి మారమన్నాడు. కదిలే రైల్లో పిల్లల్ని పట్టుకుని మారనని తల్లి చెప్పింది. అతను రైలు ఆపించి ముగ్గుర్నీ అడవి మధ్యలో దించేశాడు. వెనక్కి నడిచి వస్తుంటే పిల్లవాడు ఏడుపు మొదలుపెట్టాడు. నీకంటే గొప్పవాళ్లెవరూ లేరు, ఇలాంటి వాటికి ఏడుస్తూ కూర్చుంటే ఉన్న శక్తి కాస్తా పోతుంది, నువ్వూ ఎవరికీ తీసిపోవని చూపించడానికి ఆ శక్తిని వాడుకో అని ఆ తల్లి చెప్పిందట.

నేను ఇద్దరు పిల్లల తల్లిని. ఆ తోవలో నేనుంటే నా నోట ఆ మాట వచ్చేదా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

టల్సా మారణకాండలో వాళ్ల కుటుంబం కూడా చిక్కుకుందా?

తండ్రి చిక్కుకున్నారు. లాయరుగా నిలదొక్కుకోవాలని 1921 ఫిబ్రవరిలో ఓక్లహోమాలోనే ఉన్న టల్సా నగరానికి వెళ్లారు. బడికి సెలవులివ్వగానే భార్యాపిల్లలు కూడా అక్కడికి వెళ్లిపోవాలి. సామాన్లు సర్దుకుంటున్న రోజుల్లోనే మే 31, జూన్ 1 తేదీల్లో తెల్లవాళ్ల గుంపులు గ్రీన్‌వుడ్ పేట మీద పడ్డాయి. నల్లవాళ్ల వ్యాపారాలతో కళకళలాడే పేట అది. దాదాపు 35 బ్లాకులు కాలి బూడిదయ్యాయి. చనిపోయినవాళ్లు 300 మంది దాకా ఉండొచ్చని అంచనా. తండ్రి బతికున్నారో లేదో ఇంట్లోవాళ్లకు కొన్ని రోజులపాటు తెలియలేదు.

ఆయన బతికారు, కానీ ఆఫీసూ పోయింది, అద్దె గదీ పోయింది. గుడారం వేసుకుని అందులోనే ప్రాక్టీసు పెట్టారు. కాలిపోయిన పేటలో ఇళ్లు మళ్లీ కట్టుకోవాలంటే నిప్పంటుకోని సామగ్రే వాడాలని నగరపాలక సంస్థ ఒక నిబంధన తెచ్చింది. సర్వం కోల్పోయినవాళ్లు అంత డబ్బు ఎక్కడ తెస్తారు? స్థలాలు వదులుకుని పోతారన్నదే లెక్క. బక్ ఫ్రాంక్లిన్ దాని మీద కేసు వేసి గెలిచారు. కుటుంబం మాత్రం ఆయన దగ్గరికి చేరడానికి 1925 డిసెంబరు దాకా పట్టింది.

తండ్రి లాయరు. మరి ఈయన లా చదవలేదేం?

చదవాలనే అనుకున్నారు. నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయంలో చేరాక థియోడర్ కరియర్ అనే తెల్ల ప్రొఫెసర్ చరిత్ర పాఠం విన్నారు. ఆ పాఠమే ఆయన దారి మార్చేసింది. 1935లో డిగ్రీ పూర్తయి హార్వర్డ్‌లో సీటు వచ్చింది, కానీ చేతిలో డబ్బు లేదు. డబ్బు కారణంగా నువ్వు హార్వర్డ్ మానుకోవాల్సిన అవసరం లేదని కరియర్ చెప్పి, తన పేరు మీద 500 డాలర్లు అప్పు తెచ్చి శిష్యుడి చేతిలో పెట్టారు. దేశం ఆర్థికంగా కుదేలైన కాలంలో ఒక టీచరుకు అది చిన్న మొత్తం కాదు. శిష్యుడి కోసం అప్పు చేసిన మాస్టార్లు మనకీ తెలుసు కాబట్టి ఈ సంగతి మనవాళ్లకు వెంటనే మనసుకు తాకుతుంది.

1941లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ వచ్చింది.

రాలీ ఆర్కైవ్స్‌లో తాళంచెవి కథ ఏమిటి?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. నాకు ఆయన మీద గురి కుదిరింది కూడా ఈ కథతోనే.

ఆయన పరిశోధన అంశం నార్త్ కరోలినాలో బానిసలు కాని నల్లవాళ్ల జీవితం, 1790 నుంచి 1860 వరకు. అందుకు కావలసిన కాగితాలన్నీ రాలీలో, రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1939లో అక్కడికి వెళ్లారు. డైరెక్టర్ కూడా చరిత్రలో డాక్టరేట్ ఉన్నవాడే. మర్యాదగానే మాట్లాడాడు. ఈ భవనం కట్టినప్పుడు ఒక నల్లవాడు పరిశోధనకు వస్తాడని ఎవరూ ఊహించలేదని, ఒక వారం సమయమిస్తే ఏదో ఒకటి చూస్తానని చెప్పాడు. ఫ్రాంక్లిన్ మాట్లాడలేదు, అలా చూస్తూ కూర్చున్నారు. ఆ మౌనం భరించలేక, పోనీ అందులో సగం రోజుల్లో చేస్తానన్నాడు డైరెక్టర్.

చెప్పిన రోజుకు వెళ్తే, తెల్లవాళ్లు చదువుకునే హాలుకు దూరంగా ఒక గది ఖాళీ చేసి, ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక చెత్తబుట్ట వేసి ఉంచారు. దాంతో పాటు కాగితాలు దాచే గిడ్డంగి తాళంచెవి ఒకటి చేతికిచ్చారు. ఎందుకంటే, తెల్ల సిబ్బందికి నల్లవాడికి పెట్టెలు మోసుకొచ్చి ఇవ్వడం ఇష్టముండకపోవచ్చు. అందుకని తనకు కావలసినవి తనే లోపలికి వెళ్లి తెచ్చుకోవాలి.

మన ఊళ్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లకు ఆ గది ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. కానీ ఇక్కడ కథ ఒక మలుపు తిరిగింది. తోపుడు బండి నిండా పెట్టెలు వేసుకుని, ఎవరి కోసమూ ఎదురు చూడకుండా ఫ్రాంక్లిన్ గదికి వెళ్లిపోతున్నారు. హాల్లో ఉన్న తెల్ల పరిశోధకులేమో చీటీ రాసిచ్చి, సిబ్బంది తెచ్చేదాకా కూర్చుంటున్నారు. రెండు వారాలు చూసి వాళ్లు గొడవకు దిగారు. ఇది మా మీద వివక్ష, మాకూ తాళంచెవులు ఇవ్వాలని పట్టుబట్టారు. అందరికీ చెవులిచ్చే బదులు డైరెక్టర్ ఫ్రాంక్లిన్ దగ్గరున్నది వెనక్కి తీసుకుని, ఇకమీదట ఈయనకూ మీరే తెచ్చివ్వండని సిబ్బందికి ఆర్డరు వేశాడు.

వేరు చేయడమనే పద్ధతిలో ఎంత తెలివితక్కువతనం ఉందో ఆ రెండు వారాలు చూపించినంత బాగా పెద్ద ఉపన్యాసాలు కూడా చూపించలేవని నా నమ్మకం. ఆ కాగితాల నుంచి తయారైన ఆయన తొలి పుస్తకం 1943లో అచ్చయింది.

మిగతా చోట్ల కూడా ఇలాగే జరిగిందా?

ఒక్కోచోట ఒక్కోలా. 1945లో లూసియానా వెళ్లినప్పుడు, నల్లవాళ్లను లోపలికి రానివ్వడానికి వీల్లేదని ఆర్కైవ్స్ డైరెక్టర్ చెప్పాడు. యుద్ధం గెలిచిన సంబరాలకు ఆ వారమంతా ఆఫీసు మూసి ఉంటుందని, ఆ రోజుల్లో వచ్చి పని చేసుకుంటే అభ్యంతరం లేదని కూడా అన్నాడు. ఊరంతా పండగ చేసుకుంటుంటే ఫ్రాంక్లిన్ మూసిన ఆఫీసులో కూర్చుని నోట్సు రాసుకున్నారు.

ఆయన సైన్యంలో పని చేశారా?

లేదు. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి తర్వాత నౌకాదళంలో గుమస్తా పనికి వెళ్లారు. టైపు, షార్ట్‌హ్యాండ్ వచ్చు, హార్వర్డ్ డాక్టరేట్ ఉంది. అర్హతలన్నీ ఉన్నాయి కానీ రంగు లేదని పంపించేశారు. యుద్ధ శాఖ చరిత్రకారులను చేర్చుకుంటోందని తెలిసి దరఖాస్తు పెడితే జవాబే రాలేదు. తను అక్కర్లేని యుద్ధంలోకి తను మాత్రం ఎందుకు వెళ్లాలని అప్పుడే నిర్ణయించుకున్నారు. ఈ విషయాన్ని ఆయన దాచుకోలేదు, ఆత్మకథలో రాసుకున్నారు. సైన్యానికి వెళ్లిన అన్న బక్ జూనియర్ మాత్రం అక్కడి అవమానాలతో కుంగిపోయి వచ్చి, 1947లో చనిపోయారు. ఆ దుఃఖం తమ్ముణ్ని జీవితాంతం వదల్లేదు.

ఆయన రాసినవాటిలో అన్నిటికంటే పేరున్నది ఏది?

'ఫ్రమ్ స్లేవరీ టు ఫ్రీడమ్'. 1947లో వచ్చింది. ఆఫ్రికాలోని పాత రాజ్యాల దగ్గర మొదలుపెట్టి, ఓడల్లో బానిసలుగా తరలించడం, తోటల్లో బతుకు, విముక్తి, ఆ తర్వాతి కాలం, ఇలా మొత్తం కథను ఒకే చోట చెప్పిన పుస్తకం. ముప్ఫై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. కొత్త ముద్రణ వచ్చినప్పుడల్లా సరిదిద్దుకుంటూ పోయారు. ఆయన తర్వాత కూడా వేరే చరిత్రకారులు ఆ పని కొనసాగించారు.

దీని వెనక ఆరీలియా విటింగ్టన్ ఉన్నారు. ఫిస్క్‌లో క్లాస్‌మేట్, 1940లో పెళ్లి. వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో కూర్చుని రాస్తుండగా డబ్బయిపోయి, తిరిగొచ్చి ఉద్యోగంలో చేరతానన్నారు ఫ్రాంక్లిన్. ఆమె ఒప్పుకోలేదు. తను లైబ్రేరియన్‌గా సంపాదించే జీతంతో ఇల్లు నడుస్తుంది, జీతం లేని సెలవు పెట్టి పుస్తకం పూర్తి చేయమంది. ప్రాజెక్టు రాసే పిల్లలందరికీ నేను చెబుతాను, ఆరీలియా పేరు వదిలేయొద్దని.

బ్రౌన్ కేసులో ఆయన సరిగ్గా ఏం చేశారు?

ముందు కేసు సంగతి. నల్ల పిల్లలకు వేరే బడులు పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని వేసిన కేసులను సుప్రీంకోర్టు కలిపి విచారించింది. 1953 జూన్‌లో తీర్పు ఇవ్వకుండా, మళ్లీ వాదనలు వినాలంటూ కొన్ని ప్రశ్నలు అడిగింది. ముఖ్యమైనది ఇది: చట్టం ముందు అందరూ సమానమని చెప్పే 14వ సవరణను 1868లో ఆమోదించినప్పుడు, కాంగ్రెసుకూ రాష్ట్రాలకూ బడుల్లో వివక్ష పోవాలన్న ఉద్దేశం ఉందా, లేదా?

ఇది లాయర్లు తేల్చగలిగే ప్రశ్న కాదు. దాదాపు 85 ఏళ్ల నాటి శాసనసభల్లో ఎవరేమన్నారో తవ్వాలి. నల్లజాతి సంఘం ఎన్‌ఏఏసీపీ లాయర్ల బృందానికి నాయకుడు థర్గుడ్ మార్షల్. ఈయనే తర్వాత 1967లో సుప్రీంకోర్టుకు తొలి నల్లజాతి న్యాయమూర్తి అయ్యారు. ఆయన చరిత్రకారులను పిలిపించారు. ఫ్రాంక్లిన్ అంతకు ముందే కెంటకీలో లైమన్ జాన్సన్ అనే విద్యార్థి కేసులో నిపుణుడిగా సాయపడ్డారు కాబట్టి పరిచయం ఉంది.

అప్పుడు ఆయన వాషింగ్టన్‌లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పని చేస్తున్నారు. వారంలో కొన్ని రోజులు పాఠాలు చెప్పి, వారాంతం వచ్చేసరికి న్యూయార్క్ రైలెక్కేవారు. అల్గాన్‌క్విన్ హోటల్లో బస, ఎన్‌ఏఏసీపీ ఆఫీసులో పని. చారిత్రక నేపథ్యం మీద వ్యాసాలు రాయడం, మిగతా పరిశోధకుల పనిని సమన్వయం చేయడం, లాయర్లతో కూర్చుని వాళ్ల అనుమానాలకు జవాబులివ్వడం. ఇదంతా సెప్టెంబరు నుంచి డిసెంబరులో వాదనలు జరిగేదాకా నడిచింది.

1954 మే 17న ఏకగ్రీవంగా తీర్పు వచ్చింది. బడుల్లో వివక్ష చెల్లదని.

అయితే చరిత్ర వల్లే కేసు గెలిచారన్నమాట?

ఇక్కడ జాగ్రత్తగా చెప్పాలి, చాలా వ్యాసాలు దీన్ని పెద్దది చేసి రాస్తాయి. 14వ సవరణ చరిత్ర ఇటూ అటూ తేల్చలేకుండా ఉందని కోర్టు తన తీర్పులోనే రాసింది. వేరు చేయడం పిల్లల మనసులకు చేసే హాని, చదువుకు పెరిగిన ప్రాముఖ్యం, వీటి మీదే తీర్పు నిలబడింది.

మరి చరిత్రకారుల కష్టం వృథా పోయిందా అంటే, నా ఉద్దేశంలో కాదు. వాళ్లు లేకపోతే ఆ ప్రశ్నకు ఎదుటిపక్షం చెప్పిన జవాబు ఒక్కటే కోర్టు ముందు ఉండేది. చరిత్ర తమ వైపే ఉందని వివక్షను సమర్థించేవాళ్లు అన్నేళ్లుగా చెప్పుకున్నారు. ఆ దారి మూసేయడానికి, అది తేలని విషయమని కోర్టు చేత అనిపించడమే సరిపోయింది.

చరిత్రకారుడు ఒక పక్షం తరఫున పని చేయడం తప్పు కాదా?

ఇంజినీరింగ్ చదివే ఒక అబ్బాయి నన్ను సూటిగా ఇదే అడిగాడు. మంచి ప్రశ్న. ఫ్రాంక్లిన్ కూడా దీని గురించి జీవితాంతం ఆలోచించారు. నల్లజాతి పండితుడు ఎదుర్కొనే సంకటం మీద 1963లో ఒక వ్యాసం కూడా రాశారు. ఒక పక్క ప్రపంచమంతా నిన్ను తక్కువ చేస్తుంటే, ఎక్కడ కోపం ఆపుకోవాలి, ఎక్కడ గొంతెత్తాలి అన్నదే ఆ సంకటం.

ఆయన కుదుర్చుకున్న పద్ధతి నాకు అర్థమైనంతలో ఇలా ఉంటుంది. పుస్తకం రాసేటప్పుడు కాగితం ఏం చెబితే అది రాయాలి, తనవాళ్లకు నచ్చినా నచ్చకపోయినా. తొలి పుస్తకంలోనే, నల్లవాళ్లలో కూడా బానిసలను ఉంచుకున్నవాళ్లున్నారని దాచకుండా రాశారు. పౌరుడిగా మాట్లాడేటప్పుడు మాత్రం వెనక్కి తగ్గనక్కర్లేదు. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయొచ్చు, కానీ ఇప్పుడు ఏ పని చేస్తున్నాడో ఆ మనిషికి స్పష్టంగా తెలిసుండాలి. ఆయన పుస్తకాల్లో గొంతు పెరగదు. ఘోరాలు చెప్పే చోట కూడా వాక్యం నిదానంగా నడుస్తుంది. మొదటిసారి చదివినప్పుడు నాకు అది చప్పగా అనిపించింది, మళ్లీ చదివినప్పుడు ఆ నిదానానికే ఒళ్లు జలదరించింది.

పెద్ద ఉద్యోగం వచ్చాక పరిస్థితి మారిందా?

1956లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ కాలేజీ ఆయన్ను చరిత్ర విభాగానికి అధిపతిగా తీసుకుంది. ఆ విభాగంలో ఉన్న 52 మందీ తెల్లవాళ్లే. న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వార్త వేసింది. ఆయన కాలేజీకి నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు కొనాలనుకున్నారు. ఆ చుట్టుపక్కల ముప్ఫైకి పైగా ఉన్న బ్రోకర్లలో ఇల్లు చూపించడానికి ఒక్కరు కూడా ముందుకు రాలేదు. చివరికి ఇల్లు దొరికితే అప్పు పుట్టలేదు. నల్లవాళ్లు ఉండాల్సిన హద్దు దాటి ఇల్లు కొంటున్నారని ఆయన ఇన్సూరెన్స్ కంపెనీ లోను ఇవ్వనంది, ఆయన ఆ పాలసీ రద్దు చేసుకున్నారు. ఆయన పెట్టుకున్న లాయరు వాళ్ల నాన్నకు పలుకుబడి ఉన్న ఒక్క బ్యాంకు తప్ప ఇంకే బ్యాంకూ ఇవ్వలేదు. ఇదంతా ఏడాదికి పైగా నడిచింది. ఆ కాలంలో ఒక పుస్తకమో రెండు వ్యాసాలో రాసుకునేవాడు కదా అనిపిస్తుంది. వివక్ష ఒక పండితుడి దగ్గర దోచుకున్న వాటిలో సమయం కూడా ఉంది.

1964లో షికాగో విశ్వవిద్యాలయానికి, 1980లలో డర్హమ్‌లోని డ్యూక్‌కు వచ్చారు. 1943 నుంచి 1947 దాకా ఇదే డర్హమ్‌లో నల్లవాళ్ల కాలేజీలో ఆయన పాఠాలు చెప్పారు. అప్పట్లో డ్యూక్ నల్ల విద్యార్థులను చేర్చుకునేదే కాదు.

ఊరేగింపుల్లో పాల్గొన్నారా?

1965లో నల్లవాళ్ల ఓటు హక్కు కోసం అలబామాలో సెల్మా నుంచి మాంట్‌గొమరీకి సాగిన యాత్ర చివరి అంకంలో, తోటి చరిత్రకారుల బృందంతో కలిసి నడిచారు. వాన్ వుడ్‌వర్డ్, హాఫ్‌స్టాడ్టర్ లాంటి పెద్దలు కూడా ఉన్నారు. ఆ యాత్ర మాంట్‌గొమరీ చేరింది మార్చి 25న. 44 ఏళ్ల తర్వాత అదే తేదీన ఆయన పోయారు.

ఇంగ్లండ్‌లో ఎవరి సమాధికో రాయి పెట్టించారని విన్నాం. నిజమేనా?

నిజం. జార్జ్ వాషింగ్టన్ విలియమ్స్ అని, 1849లో పుట్టిన నల్లజాతి మనిషి. సైనికుడు, పాస్టరు, శాసనసభ్యుడు. అమెరికా నల్లవాళ్ల సమగ్ర చరిత్రను 1882లోనే రెండు సంపుటాలుగా రాశాడు. 1890లో కాంగో వెళ్లి, అక్కడ బెల్జియం రాజు లియోపోల్డ్ పేరు మీద జరుగుతున్న అకృత్యాలు చూసి, ఆ రాజుకే బహిరంగ లేఖ రాశాడు. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్‌లో, 41 ఏళ్లకే చనిపోయాడు. తర్వాత జనం మర్చిపోయారు.

1945లో తన పుస్తకం కోసం వెతుకుతుంటే విలియమ్స్ సంపుటాలు ఫ్రాంక్లిన్ కంటపడ్డాయి. ఇంత పని చేసిన మనిషి గురించి ఎవరికీ ఏమీ తెలియకపోవడమేమిటని ఆయన వెంటపడ్డారు. నలభై ఏళ్లు పట్టింది. ఆనవాలు లేకుండా పడి ఉన్న సమాధిని వెతికి పట్టుకుని, 1975లో దాని మీద నల్లరాయి వేయించారు. పేరు, పుట్టిన, పోయిన సంవత్సరాలు, మధ్యలో ఆఫ్రో అమెరికన్ చరిత్రకారుడు అన్న మాట. జీవిత చరిత్ర 1985లో వచ్చింది. తన కంటే ముందు అదే దారిలో నడిచినవాడికి ఆయన తీర్చుకున్న బాకీ అది.

పబ్లిక్ హిస్టరీ అంటే ఏమిటి? అందులో ఈయన పాత్ర ఏమిటి?

చరిత్ర క్లాసురూము దాటి మ్యూజియంలోకి, పార్కులోకి, పాఠ్యపుస్తకంలోకి, ప్రభుత్వ విచారణ సంఘంలోకి వస్తే అది పబ్లిక్ హిస్టరీ. మామూలు జనం చరిత్రను కలిసేది అక్కడే.

1960లలో కాలిఫోర్నియా 8వ తరగతి కోసం ఇద్దరు చరిత్రకారులతో కలిసి ఒక పాఠ్యపుస్తకం రాశారు. నల్లవాళ్ల కథ కూడా చెప్పినందుకు దేశద్రోహమంటూ కొందరు గోల చేశారు. అయినా పుస్తకం బడుల్లోకి వెళ్లింది. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ అనే జాతీయ మ్యూజియాల సంస్థ పెట్టిన నల్లజాతి చరిత్ర మ్యూజియానికి పండితుల సలహా సంఘం తొలి అధ్యక్షుడు ఆయనే. 2016లో అది తెరుచుకునేసరికి ఆయన లేరు. టల్సా మారణకాండ మీద ఓక్లహోమా ప్రభుత్వం వేసిన కమిషన్‌కు సలహాదారుగా పని చేశారు, ఆ నివేదిక 2001లో వచ్చింది. బాధితులకు న్యాయం కోసం 2007లో, 92 ఏళ్ల వయసులో, కాంగ్రెసు కమిటీ ముందు కూర్చుని మాట్లాడారు.

క్లింటన్ వేసిన జాతి సంఘం విఫలమైందంటారు?

1997లో జాతి సమస్య మీద దేశమంతా మాట్లాడుకోవాలని అప్పటి అధ్యక్షుడు క్లింటన్ ఏడుగురితో సలహా సంఘం వేసి ఫ్రాంక్లిన్‌ను అధ్యక్షుణ్ని చేశారు. ఏడాది పైన ఊళ్లు తిరిగి 1998లో నివేదిక ఇచ్చారు. మాటలే తప్ప పనులు లేవని ఒక వైపు, ఒకే వైపు వింటున్నారని ఇంకో వైపు తిట్టారు. నివేదిక వచ్చేసరికి దేశం దృష్టి అధ్యక్షుడి సొంత వివాదం మీదికి పోయింది. పెద్ద ఫలితం రాలేదన్నది ఒప్పుకోవాలి.

క్లబ్బులో కోటు సంగతి ఏమిటి?

1995లో దేశంలో పౌరులకిచ్చే అత్యున్నత పురస్కారం, ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఆయనకు ప్రకటించారు. అందుకోవడానికి ముందు రోజు రాత్రి, వాషింగ్టన్‌లో తను సభ్యుడిగా ఉన్న కాస్మోస్ క్లబ్‌లో స్నేహితులకు విందు ఇచ్చారు. ఒక తెల్లావిడ దగ్గరికొచ్చి, కోటు దాచిన టోకెన్ ఆయన చేతికిచ్చి, నా కోటు తెచ్చిపెట్టు అంది. ఇక్కడి పనివాళ్లంతా యూనిఫాంలో ఉంటారండీ, వాళ్లలో ఎవరికిచ్చినా తెచ్చిస్తారని ఆయన నెమ్మదిగా చెప్పారు. అప్పటికి ఆయనకు 80 ఏళ్లు. ఆ మెడల్‌తో పాటు ఈ కథను కూడా ఆయన ఎప్పుడూ చెప్పేవారు, ఒకటి చెప్పి ఇంకొకటి వదిలేసేవారు కాదు.

మన తెలుగువాళ్లకు ఇందులో ఏం సంబంధం?

మనం ఇక్కడ ఉండడమే సంబంధం. అమెరికా వలస చట్టంలో దేశాన్ని బట్టి, జాతిని బట్టి కోటాలుండేవి. ఏడాదికి భారతీయులను వందమందిని రానిచ్చిన కాలం ఉంది. పౌర హక్కుల ఉద్యమం వేడిలో 1965 అక్టోబరు 3న ఆ కోటాలను రద్దు చేసే చట్టం మీద సంతకం పడింది. ఆ తర్వాతే మన డాక్టర్లూ ఇంజినీర్లూ రావడం మొదలైంది. సెల్మా యాత్ర అదే ఏడాది మార్చిలో. మన వీసాల టెన్షన్ మనకుంటుంది, కాదనను. అయినా ఆ తలుపు ఎవరి దెబ్బలకు తెరుచుకుందో మన పిల్లలకు చెప్పడం మన బాధ్యత.

చదువు కాకుండా ఆయనకు ఇంకేమైనా ఇష్టముండేదా?

ఆర్కిడ్లు. ఇంట్లో వందల మొక్కలు పెంచారు. ఆయన పేరు పెట్టిన ఆర్కిడ్ ఒకటి ఉంది. చేపలు పట్టడం కూడా ఇష్టమే.

పిల్లలను ఎక్కడికి తీసుకెళ్తే బాగుంటుంది?

డర్హమ్‌లో డ్యూక్ వాళ్లకు ఆయన పేరు మీద ఒక కేంద్రం ఉంది, ఎర్విన్ రోడ్డులో. ఆయన కాగితాలు డ్యూక్ లైబ్రరీలో ఉన్నాయి. టల్సా వెళ్లేవాళ్లు గ్రీన్‌వుడ్ దగ్గర 2010లో తెరిచిన జాన్ హోప్ ఫ్రాంక్లిన్ రికన్సిలియేషన్ పార్కు చూడండి. వాషింగ్టన్ మ్యూజియానికి వెళ్తే, తండ్రి బక్ ఫ్రాంక్లిన్ 1931లో రాసిన పది పేజీల గురించి అడగండి. మారణకాండలో తన కళ్లతో చూసింది చూసినట్టే రాసిపెట్టారు. ఎనభై ఏళ్లకు పైగా మరుగున పడి 2015లో బయటపడ్డాయి. కొడుకు వాటిని మ్యూజియంలో చూడలేదు.

దగ్గర్లో అయితే రాలీలోని రాష్ట్ర ఆర్కైవ్స్. నేటి భవనం 1939 నాటిది కాదు, సంస్థ అదే. కిందటేడు మా అన్నయ్య కూతురిని తీసుకెళ్లాను, పదకొండో తరగతి చదువుతోంది. పేరు రాయించుకున్నారు, బ్యాగు లాకర్లో పెట్టమన్నారు, పెన్ను వద్దు పెన్సిలే వాడాలన్నారు. అది చీటీ మీద తనకు కావలసిన రికార్డు నంబరు రాసిచ్చింది. మా పక్క బల్ల దగ్గర ఒక నల్లజాతి పెద్దాయన తన ముత్తాత పేరు కోసం పాత వీలునామాలు తిరగేస్తున్నారు. కాసేపటికి ఒక తెల్లమ్మాయి బండి తోసుకుంటూ వచ్చి, మొదట ఆయన పెట్టె ఆయన ముందు, తర్వాత మా పెట్టె మా ముందు పెట్టి వెళ్లింది.